రామకోవెల యాంప్లిఫయర్: స్విచ్ వేస్తే ఎంసీబీ పడుతోంది, స్పీకర్లో డబ్ అంటోంది. ఏ ప్రొటెక్షన్ వేయాలి?

లంకగాలి (రాజోలు దగ్గర)

అందరికీ నమస్కారమండి. మా ఊరి రామకోవెలకి స్టీరియో యాంప్లిఫయర్ సొంతంగా కడుతున్నాం. ధనుర్మాసం పాశురాలకీ, శ్రీరామనవమికీ ప్రతిసారీ అద్దె సెట్టు తెచ్చే బదులు కోవెలకే ఒకటి ఉంటే బాగుంటుందని ఊరి కుర్రాళ్ళం అనుకున్నాం.

వాడిన సరుకు ఇది. టీడీఏ 7294 (యాంప్లిఫయర్ చిప్పు) బోర్డులు రెండు. రాజమండ్రిలో చుట్టించిన 24-0-24 టొరాయిడ్ (గుండ్రటి ట్రాన్స్‌ఫార్మర్), 500 వీఏ. ప్లస్ వైపు 10,000 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్లు) 63 వోల్టుల కెపాసిటర్లు రెండు, మైనస్ వైపు రెండు. ఏసీని డీసీ చేసే 35 యాంప్స్ బ్రిడ్జి. 8 ఓమ్స్ బాక్సులు రెండు. పాట శుభ్రంగా వస్తోంది, హమ్ (జుమ్మనే మోత) లేదు.

ఇబ్బందులు రెండు. స్విచ్ వేసినప్పుడు ఒక్కోసారి కోవెల బోర్డులో 6 యాంప్స్ ఎంసీబీ పడిపోతోంది. ప్రతిసారీ పడితే ఏదో షార్టు అనుకోవచ్చు, ఇది ఒక్కోసారే. రెండోది, ఆన్ చేసినా ఆపినా స్పీకర్లో డబ్ అని గట్టిగా కొడుతోంది. కోన్ ముందుకి పొడుచుకొచ్చి వెనక్కి పోవడం కంటికి కనిపిస్తోంది.

షాపులో మూడు రకాలు చూపించారు. ఎన్‌టీసీ అని నల్ల బిళ్ళ, అన్నిటికంటే చవక. సాఫ్ట్ స్టార్ట్ బోర్డు, ఆన్ చేసిన క్షణంలో కరెంటు ఒక్కసారిగా దూకకుండా ఆపేదట. యూపీసీ 1237 ఐసీతో స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డు. వీటిలో ఒకటి వేస్తే సరిపోతుందా? నడిపేది పూజారి గారు, నేను పక్కన ఉండను. అది దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

కాలవగట్టు (తణుకు)

తమ్ముడూ, ఎన్‌టీసీ చాలు. 5డీ-20 ఒకటి ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి (గోడ కరెంటు వచ్చే వైండింగుకి) సిరీస్‌లో వెయ్యి. చల్లగా ఉన్నప్పుడు 5 ఓమ్స్ ఉంటుంది, కరెంటు పారేకొద్దీ వేడెక్కి ఓమ్‌లోపుకి దిగిపోతుంది. రిలే (కరెంటుతో పడే స్విచ్) లేదు, టైమర్ లేదు, పాడయ్యేదేం లేదు. నా ఇంట్లో యాంప్లిఫయర్ ఎన్నో ఏళ్ళుగా దాని మీదే నడుస్తోంది.

గోదారొడ్డు (రాజమండ్రి)

లంకగాలి గారూ, ముందు మీ రెండు ఇబ్బందుల్నీ విడదీయండి. ఎంసీబీ పడేది గోడ వైపు సమస్య, డబ్ అనేది స్పీకర్ వైపు సమస్య. ఎన్‌టీసీ, సాఫ్ట్ స్టార్ట్ గోడ వైపు పనిచేస్తాయి. 1237 బోర్డు స్పీకర్ వైపు పనిచేస్తుంది. సాఫ్ట్ స్టార్ట్ ఎంత మంచిది వేసినా డబ్ పోదు. 1237 ఎంత మంచిది వేసినా ఎంసీబీ పడటం ఆగదు. అందుకని ఆ మూడింటిలో ఒకటి ఏరుకోవడం కాదు, అటొకటి ఇటొకటి రెండు కావాలి.

టొరాయిడ్ 100, 150 వీఏ అయితే గోడ వైపు ఏమీ లేకపోయినా నడిచిపోతుంది. 300 వీఏ దాటితే మాత్రం సాఫ్ట్ స్టార్ట్ వేయాల్సిందే అనేది చాలామంది పాటించే లెక్క. మీది 500.

కడియం మొక్క (కడియం)

"ఒక్కోసారే పడుతోంది" అన్నారు కదా, దానికి కారణం చెప్తాను. కాలేజీలో పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటు ఇది.

ఏసీ సెకనుకి 50 సార్లు ఊగుతుంది. మీరు స్విచ్ వేసిన క్షణంలో ఆ ఊపు ఎక్కడుందన్నది మీ చేతిలో లేదు. వోల్టేజి సున్నా దాటుతున్నప్పుడు స్విచ్ పడితే కోర్‌లో అయస్కాంత ప్రవాహం మామూలుగా వెళ్ళే ఎత్తుకి దాదాపు రెట్టింపు వెళ్ళాలని చూస్తుంది. దానికి తోడు, క్రితంసారి ఆపినప్పుడు కోర్‌లో మిగిలిపోయిన అయస్కాంతత్వం కూడా అదే దిశలో ఉందనుకోండి, కోర్ నిండిపోతుంది. నిండిన కోర్ చుట్టూ ఉన్న వైండింగు ఇక ఇండక్టర్‌లా అడ్డుకోదు, ఉత్త రాగి తీగలా ప్రవర్తిస్తుంది. 500 వీఏ టొరాయిడ్ ప్రైమరీ వైండింగు రెండు మూడు ఓమ్స్ మించదు. 325 వోల్టుల శిఖరాన్ని దాంతో భాగించి చూడండి, ఎంత కరెంటు లాగగలదో తెలుస్తుంది.

అదే వోల్టేజి శిఖరం మీద ఉండగా స్విచ్ పడితే కోర్ ప్రశాంతంగా ఉంటుంది, కానీ ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా లాగుతాయి. సీ-టైపు 6 యాంప్స్ ఎంసీబీ 30 నుంచి 60 యాంప్స్ మధ్య తక్షణం పడిపోతుంది. మీది ఆ గీతకి అటూ ఇటూ ఊగుతోంది, అంతే. పాత ఈ-ఐ పట్టీల ట్రాన్స్‌ఫార్మర్లలో పట్టీలు కలిసే చోట సన్నని సందులుంటాయి, వైండింగు నిరోధం కూడా ఎక్కువ. అందుకే వాటితో ఈ గొడవ తక్కువ.

చెరువుగట్టు (భీమవరం)

కాలవగట్టు గారు చెప్పిన ఎన్‌టీసీ విషయంలో నాకు అభ్యంతరం ఉందండి. తణుకు టౌనులో సంగతి వేరు. లంకల్లో, చెరువుల మీద కరెంటు పోయే తీరే వేరు. గంట పోయి వస్తే బాధ లేదు. మనకి ఎక్కువగా పోయేది రెప్పపాటు. గాలికి కొబ్బరి మట్ట లైను మీద పడుతుంది, సబ్‌స్టేషన్లో బ్రేకరు పడుతుంది, రెండు మూడు సెకన్లలో మళ్ళీ వస్తుంది. ఒక్కోసారి ఇలా వరసగా మూడు నాలుగు దెబ్బలు.

ఎన్‌టీసీ పనిచేసేది చల్లగా ఉన్నప్పుడే. వేడెక్కిన 20 మిల్లీమీటర్ల బిళ్ళ చల్లారడానికి నిమిషం పైనే పడుతుంది. రెండు సెకన్ల తర్వాత కరెంటు తిరిగొస్తే ఆ బిళ్ళ ఇంకా వేడిగానే, ఓమ్‌లోపే ఉంటుంది. అంటే పొద్దున మొదటిసారి వేసినప్పుడు కాపాడి, సాయంత్రం గాలివానలో అసలు అవసరమైనప్పుడు చేతులెత్తేస్తుంది. ఆ గాలివానలోనే కోవెల్లో ఎంసీబీ పడితే పూజారి గారు చీకట్లో బోర్డు వెతుక్కోవాలి.

ప్రొటెక్షన్ ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే. స్విచ్ వేసినప్పుడు ఏం చేస్తుందని కాదు, కరెంటు రెప్పపాటు పోయి తిరిగొచ్చినప్పుడు ఏం చేస్తుందని.

కాలవగట్టు (తణుకు)

చెరువుగట్టు గారి మాట సబబే. దానికి ఒక మార్గం ఉంది: ఎన్‌టీసీని కూడా అర సెకను తర్వాత రిలేతో బైపాస్ చేసేయాలి. అప్పుడు దాని గుండా కరెంటు పారదు, ఎప్పుడూ చల్లగా సిద్ధంగా ఉంటుంది. కానీ రిలే, టైమర్ ఎలాగూ వేస్తున్నప్పుడు ఎన్‌టీసీయే ఎందుకు, మామూలు సిమెంట్ రెసిస్టర్లు వేసుకోవచ్చు అంటే కాదనను.

పాత టంకం (కాకినాడ)

బాబూ లంకగాలీ, నీ పని మంచి పని. నిదానంగా చెప్తాను, నోట్ చేసుకో.

గోడ వైపు 150 ఓమ్స్ 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు మూడు పారలల్‌గా వెయ్యి. 50 ఓమ్స్, 15 వాట్లు అవుతుంది. ఎంత చెడ్డ క్షణంలో స్విచ్ పడినా 325 వోల్టులు భాగించు 50, అంటే ఆరున్నర యాంప్స్ దాటదు. ఎంసీబీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పావు సెకను నుంచి అర సెకను తర్వాత రిలే పట్టుకుని ఆ రెసిస్టర్లని షార్టు చేసేయాలి. అంతకంటే ఎక్కువసేపు ఉంచాల్సిన పనిలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రిలే ఏదో ఒక రోజు పట్టుకోదు. కాయిల్ తెగొచ్చు, ఉప్పుగాలికి కాంటాక్టు పాడవ్వొచ్చు, సోల్డరు వదిలేయొచ్చు. అప్పుడేమవుతుంది? యాంప్లిఫయర్ ఊరికే ఉన్నంతసేపూ ఏమీ తెలియదు, ప్రైమరీలో పారేది 50 మిల్లీ యాంప్స్ లోపే. అందరూ బాగానే ఉందనుకుంటారు. భజన ఊపందుకుని సెట్టు 150 వాట్లు లాగిందనుకో, ప్రైమరీలో 0.7 యాంప్ దాకా పారుతుంది. 0.7ని 0.7తో, దాన్ని 50తో గుణించి చూడు. పాతిక వాట్లు. 15 వాట్ల రెసిస్టర్ల మీద పాతిక వాట్లు. పది నిమిషాల్లో బోర్డు మాడి, పక్కనున్న వైరు కరుగుతుంది. చెక్క పెట్టె అయితే ఇంకా చెప్పక్కర్లేదు.

అందుకని ఆ మూడు రెసిస్టర్లకీ ఆనించి 130 డిగ్రీల థర్మల్ ఫ్యూజు ఒకటి సిరీస్‌లో పెట్టాలి. రైస్ కుక్కర్లలో వేసే రకమే. పైన గ్లాస్ స్లీవ్ తొడిగి, రెసిస్టర్లతో కలిపి గట్టిగా కట్టాలి. షాపులో దొరికే చాలా సాఫ్ట్ స్టార్ట్ బోర్డుల మీద ఇది ఉండదు. లేకపోతే నువ్వే వెయ్యి. మనిషి పక్కన లేకుండా నడిచే సెట్టుకి ఇది తప్పనిసరి.

లంకగాలి (రాజోలు దగ్గర)

మాస్టారూ, చాలా థాంక్సండి. ఒక సందేహం. రిలేకి కరెంటు ఎక్కడ్నించి ఇవ్వాలి? యాంప్లిఫయర్ ప్లస్ రైలు (బోర్డుకి వెళ్ళే డీసీ లైను) 34 వోల్టులు ఉంది కదా, అక్కడ్నించి రెసిస్టరు వేసి 24 వోల్టుల రిలేకి ఇచ్చేస్తే వేరే ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు తప్పుతుంది కదా?

గోదారొడ్డు (రాజమండ్రి)

వద్దండి! చెరువుగట్టు గారు చెప్పిన రెప్పపాటు కరెంటు సరిగ్గా ఇక్కడే దెబ్బ కొడుతుంది. లెక్క వేసి చూపిస్తాను.

మీ ప్లస్ రైలు మీద 20,000 ఎంఎఫ్‌డీ ఉంది. పాట లేనప్పుడు రెండు చిప్పులూ, రిలే కలిపి ఆ రైలు నుంచి 100 మిల్లీ యాంప్స్ లాగుతాయి అనుకుందాం. 0.1ని 0.02తో భాగిస్తే సెకనుకి 5 వోల్టులు. కరెంటు పోయాక మీ రైలు సెకనుకి అయిదు వోల్టుల చొప్పున దిగుతుంది. రిలే ఒకసారి పట్టుకుందంటే కాయిల్ మీద వోల్టేజి చాలా పడిపోయేదాకా వదలదు. అంటే మూడు నాలుగు సెకన్లు రిలే పట్టుకునే ఉంటుంది. ఈలోగా కరెంటు తిరిగొచ్చిందా, 50 ఓమ్స్ షార్టయ్యే ఉన్నాయి కాబట్టి టొరాయిడ్ నేరుగా గోడకి తగులుతుంది. వేడి ఎన్‌టీసీకి జరిగిందే దీనికీ జరుగుతుంది.

అందుకని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వేరేగా పెట్టండి, సగం యాంప్ చాలు. దాని ప్రైమరీని స్విచ్ తర్వాత, 50 ఓమ్స్‌కి ముందు కలపండి. 0-12 కాదు, 0-15 తీసుకుని 7812 రెగ్యులేటర్ (12 వోల్టులకి నిలకడగా ఉంచేది) వేయండి. కారణం: సాయంత్రం 170 వోల్టులకి పడిపోయినా 15 వోల్టుల సెకండరీ నుంచి 7812కి 14 పైనే అందుతుంది, రిలేకి పూర్తి 12 వస్తాయి. రాత్రి 260కి ఎక్కినా 22, 23 దాటదు, దాన్ని 7812 హాయిగా తట్టుకుంటుంది.

ఇక బ్రిడ్జి తర్వాతి కెపాసిటర్. అలవాటు కొద్దీ అందరూ 2200 ఎంఎఫ్‌డీ పెడతారు. 12 వోల్టుల చిన్న రిలే (చక్కెర బిళ్ళ రకం అంటారు) కాయిల్ 400 ఓమ్స్ ఉంటుంది, 30 మిల్లీ యాంప్స్ లాగుతుంది. 2200 పెడితే కరెంటు పోయాక దాదాపు ఒకటిన్నర సెకను పట్టుకుంటుంది. 470 అయితే మూడో వంతు సెకను. 220 అయితే అందులో సగం. 220 పెట్టండి. ఇక్కడ కెపాసిటర్ ఎంత చిన్నదైతే రిలే అంత త్వరగా వదులుతుంది.

ఇంకొకటి. టైమర్ కెపాసిటర్ కూడా అంతే వేగంగా ఖాళీ అవ్వాలి, లేకపోతే రెండోసారి టైమింగు ఉండదు. టైమింగ్ రెసిస్టరుకి అడ్డంగా 1ఎన్ 4148 డయోడ్ ఒకటి, కాథోడ్ సప్లై వైపుకి తిప్పి వేయండి. కరెంటు పోగానే టైమర్ కెపాసిటర్ ఆ డయోడ్ గుండా ఖాళీ అయిపోతుంది. రూపాయి ఖరీదు ముక్క. దీన్ని వదిలేసిన కిట్లు చాలా చూశాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

పూతరేకు (ఆత్రేయపురం)

మధ్యలో వస్తున్నాను, ఏమీ అనుకోకండి. స్పీకర్లో డబ్ సంగతి ఇంకా ఎవరూ వివరంగా చెప్పలేదు. 7294లోనే మ్యూట్, స్టాండ్‌బై పిన్నులు ఉన్నాయి కదా. వాటిని సరిగా వాడుకుంటే డబ్ పోతుంది. పాట దారిలో రిలే కాంటాక్టు పెట్టడం నాకైతే ఇష్టం లేదు. ఆ కాంటాక్టు తుప్పు పడితే చిన్న సౌండులో గరగర వస్తుంది.

ఉప్పుగాలి (నరసాపురం)

పూతరేకు గారూ, సగం మాట ఒప్పుకుంటా. 9వ పిన్ను స్టాండ్‌బై, 10వది మ్యూట్. ఆన్ అయ్యేటప్పుడు ముందు స్టాండ్‌బై తీసి, తర్వాత మ్యూట్ తీయాలి. ఆపేటప్పుడు ముందు మ్యూట్ పడాలి. అలా చేస్తే డబ్ పోతుంది, నిజమే. ఇప్పుడు లంకగాలి బోర్డుల మీద రెండు పిన్నులూ రెసిస్టరు, కెపాసిటర్ గుండా ప్లస్ రైలుకే కట్టేసి ఉంటాయి. ఆపినప్పుడు రైలు మెల్లగా దిగుతుంటే మ్యూట్ వోల్టేజి కూడా దాంతోపాటే మెల్లగా దిగుతుంది. చిప్పు తడబడే సమయానికి మ్యూట్ ఇంకా పడి ఉండదు. ఆపినప్పుడు వచ్చే డబ్ అదే.

కానీ మ్యూట్ అనేది చిప్పు బాగున్నంతకాలమే మాట వింటుంది. చిప్పే షార్టయితే? అవుట్‌పుట్ నేరుగా రైలుకి అతుక్కుంటే మ్యూట్ పిన్ను ఏం చేస్తుంది? 8 ఓమ్స్ స్పీకర్ కాయిల్‌ని మీటరుతో కొలిస్తే 6 ఓమ్స్ చూపిస్తుంది. 34 వోల్టుల డీసీ దాని మీద పడితే 190 వాట్లు, అదీ కోన్ కదలకుండా, గాలి ఆడకుండా, ఉత్త వేడి. కొన్ని సెకన్లలో కాయిల్ నల్లబడుతుంది. నేను పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ సెట్లు అద్దెకిస్తాను. అలా మాడిన కాయిల్ వాసన ఒకసారి చూసినవాడు రిలే వద్దనడు. కాంటాక్టు తుప్పుకి మందు ఉంది: సీల్డ్ రిలే కొనండి. మాది సముద్రం పక్క ఊరు, మూత లేని రిలే ఇక్కడ ఏడాదికే పచ్చబడుతుంది, సీల్డువి ఏళ్ళు నడుస్తున్నాయి.

ఇప్పుడు రిలే ఎలా కట్టాలో చెప్తాను, బోర్డు ఎంపిక కంటే ఇది ముఖ్యం. ఆ రిలే మీద 10 యాంప్స్ 250 వోల్టుల ఏసీ అని ఉంటుంది. దాని కిందే చిన్నగా డీసీ అయితే 28 లేదా 30 వోల్టులే అని ఉంటుంది. ఎందుకంటే ఏసీ సెకనుకి వంద సార్లు సున్నాకి వస్తుంది, కాంటాక్టు విడిపోగానే మంట ఆరిపోతుంది. డీసీ సున్నాకి రాదు. 35, 40 వోల్టుల డీసీని అయిదారు యాంప్స్‌తో తెంపబోతే కాంటాక్టుల మధ్య ఆర్క్ నిలిచిపోతుంది. రిలే విడిపోయినట్టే కనిపిస్తుంది, స్పీకర్ మాత్రం మాడుతూనే ఉంటుంది.

దానికి విరుగుడు: యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌ని ఎన్‌ఓ (రిలే పట్టుకున్నప్పుడే కలిసే) కాంటాక్టుకి ఇవ్వండి. స్పీకర్ ప్లస్‌ని కామన్‌కి (అటూ ఇటూ కదిలే కాంటాక్టుకి) ఇవ్వండి. ఎన్‌సీని (రిలే వదిలినప్పుడు కలిసేదాన్ని) గ్రౌండుకి కట్టండి. రిలే వదిలినప్పుడు కామన్ వెళ్ళి గ్రౌండుకి అతుక్కుంటుంది, ఆర్క్ ఏదైనా ఉంటే అది స్పీకర్‌లోకి పోకుండా గ్రౌండులోకి పోతుంది. స్పీకర్ రెండు చివర్లూ గ్రౌండు మీదే ఉంటాయి కాబట్టి దానికేం కాదు. ఆ ఆర్క్ కరెంటుకి రైలు ఫ్యూజు ఎగిరిపోతుంది. ఫ్యూజు ఎగరాలంటే ముందు ఉండాలి కదా. బోర్డుకి వెళ్ళే ప్లస్, మైనస్ రైళ్ళు రెండింటికీ తలా ఒక 4 యాంప్స్ ఫాస్ట్ ఫ్యూజు తప్పకుండా వేయండి.

పూతరేకు (ఆత్రేయపురం)

ఎన్‌సీని గ్రౌండుకి కట్టడం కొత్తగా తెలిసింది. నా పెట్టెలో కూడా మార్చుకుంటాను.

లంకగాలి (రాజోలు దగ్గర)

ఉప్పుగాలి అన్నయ్యా, ఇంత వివరంగా చెప్పినందుకు చేతులెత్తి దణ్ణం. మరి యూపీసీ 1237 బోర్డు ఈ పనులన్నీ చేస్తుందా? లేక రెండు ట్రాన్సిస్టర్లతో కట్టే మామూలు సర్క్యూట్ చాలా?

పాత టంకం (కాకినాడ)

1237 తీసుకో బాబూ. జపాన్ వాళ్ళు స్టీరియో సెట్ల కోసమే చేసిన ఎనిమిది పిన్నుల ఐసీ, ఒకే వరసలో ఉంటాయి. 2వ పిన్ను డీసీని కనిపెడుతుంది, ప్లస్ అయినా మైనస్ అయినా. 7వ పిన్ను దగ్గరి కెపాసిటర్ ఆన్ అయ్యాక ఎంత ఆలస్యంగా స్పీకర్ కలవాలో నిర్ణయిస్తుంది. 6వది రిలేని నడుపుతుంది.

నీకు కావాల్సిన ముఖ్యమైన పిన్ను 4వది. అది ఏసీ ఉందా లేదా అని కాపలా కాస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ నుంచి ఒక డయోడ్, రెసిస్టరు, చిన్న కెపాసిటర్ గుండా దానికి సంగతి అందుతుంది. కరెంటు పోగానే, పెద్ద కెపాసిటర్లు ఇంకా నిండుగా ఉండగానే, రిలే వదిలేస్తుంది. ఆపినప్పుడు వచ్చే డబ్ దీంతోనే పోతుంది. రెప్పపాటు పోయి వచ్చినా స్పీకర్ విడిపోయి, మళ్ళీ రెండు మూడు సెకన్లు ఆగి కలుస్తుంది. రెండు ట్రాన్సిస్టర్ల సర్క్యూట్లో ఇది ఉండదు, వేరేగా కట్టుకోవాలి.

కొనేటప్పుడు బోర్డు మీద ఏసీ ఇన్‌పుట్ టెర్మినల్ ఉందో లేదో చూడు. కొన్ని బోర్డుల మీద డీసీ ఇన్‌పుట్ మాత్రమే ఉండి, 4వ పిన్ను ఉత్తినే కట్టేసి ఉంటుంది. అలాంటిది తీసుకుంటే ఆ ఐసీ కొన్న ప్రయోజనం సగం పోయినట్టే. ఏసీ టెర్మినల్ ఉన్న బోర్డుకి కూడా డీసీ ఇచ్చి నడిపేవాళ్ళున్నారు. నడుస్తుంది, కానీ కాపలా ఉండదు.

3వ పిన్ను గురించి కూడా: దాన్ని ఒకలా కడితే లోపం పోగానే రిలే తనంతట తాను కలుస్తుంది, ఇంకోలా కడితే స్విచ్ ఆపి వేసేదాకా కలవదు. కోవెలకి రెండోదే మంచిది. చిప్పు పాడై డీసీ వస్తూ పోతూ ఉంటే రిలే టకటక కొట్టుకోకూడదు.

చెరువుగట్టు (భీమవరం)

ఇంకో ముచ్చట, ఇది పల్లెల్లో వాళ్ళకి మరీ అవసరం. మా చెరువుల మీద ఏరేటర్లు వరసగా మొదలైతే లైను 170, 180కి దిగుతుంది. అది యాంప్లిఫయర్‌ని ఏమీ చేయదు, సౌండు తగ్గుతుందంతే. భయపడాల్సింది న్యూట్రల్ తెగినప్పుడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ వదులైతే ఒక ఫేజులో లోడు తక్కువున్న ఇళ్ళకి 300 పైన, ఒక్కోసారి 400 దగ్గరికి వస్తుంది. మీ 34 వోల్టుల రైలు 50 దాటిపోతుంది. 7294 నడుస్తూ తట్టుకునేది ప్లస్ మైనస్ 40, ఊరికే ఉన్నప్పుడు 50.

స్విచ్ తర్వాత, ఫ్యూజు తర్వాత ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 20డీ 471 వేరిస్టర్ ఒకటి వేయండి. 300 వోల్టుల ఏసీ దాకా మాట్లాడదు, ఆ పైన కరెంటు లాగి ఫ్యూజుని ఎగరగొడుతుంది. ఫ్యూజుకి ముందు వేస్తే మాత్రం అది పేలి మసి చేస్తుంది, వరస ముఖ్యం. ప్రైమరీ ఫ్యూజు 500 వీఏకి 3.15 యాంప్స్ స్లో-బ్లో. సాఫ్ట్ స్టార్ట్ ఉంది కాబట్టి అంతకంటే పెద్దది అక్కర్లేదు.

24-0-24 చుట్టించడం చాలా మంచి పని చేశారు. కొందరు పవరు కోసం 28-0-28 పెడతారు. పల్లెలో రాత్రి లోడు తగ్గి లైను 250కి ఎక్కితే అది 43 వోల్టులు అవుతుంది. 40 దాటితే 7294 ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పలేం.

లంకగాలి (రాజోలు దగ్గర)

సరుకంతా తెచ్చి కట్టేశాను. వరస ఇలా ఉంది: మూడు పిన్నుల ప్లగ్గు, స్విచ్, 3.15 ఫ్యూజు, వేరిస్టర్, అక్కడ్నించి ఒక పాయ 0-15 చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కి, ఇంకో పాయ థర్మల్ ఫ్యూజు, 50 ఓమ్స్ గుండా టొరాయిడ్‌కి. 1237 బోర్డుకి ఏసీ కూడా ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచే. పెట్టె రేకుది, ఎర్త్ దానికి బోల్టుతో బిగించాను. ఎంసీబీ ఇప్పుడు పడటం లేదు. స్పీకర్లు ఇంకా కలపలేదు. కలిపే ముందు ప్రొటెక్షన్ నిజంగా పనిచేస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి? చిప్పుని కాల్చి చూడలేం కదా.

కడియం మొక్క (కడియం)

కాల్చక్కర్లేదు. 9 వోల్టుల బ్యాటరీ చాలు. యాంప్లిఫయర్ అవుట్‌పుట్ వైరు ఊడదీసి, 1237 బోర్డుకి పవరు ఇచ్చి, రిలే పట్టుకునేదాకా ఆగండి. ఇప్పుడు 1237 బోర్డు మీద ఆ వైరు కలిసే ఇన్‌పుట్‌కీ గ్రౌండుకీ బ్యాటరీ తగిలించండి. రిలే వెంటనే వదలాలి. బ్యాటరీ తిరగేసి మళ్ళీ చూడండి, మైనస్‌కి కూడా వదలాలి. కుడి, ఎడమ రెండు ఛానెళ్ళకీ చేయండి. ఒక వైపే పనిచేసే బోర్డులు నా చేతికే వచ్చాయి.

తర్వాత యాంప్లిఫయర్ కలిపి, ఇన్‌పుట్ షార్టు చేసి, అవుట్‌పుట్‌లో డీసీ కొలవండి. 50 మిల్లీ వోల్టుల లోపు ఉంటే నిశ్చింత. ఇది సిరీస్ బల్బు మీద చేయండి, 100 వాట్ల ఫిలమెంటు బల్బు. క్షణం వెలిగి మసకబారాలి. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు.

ఆఖరుది మీ ఊరి పరీక్ష. పాట పెట్టి, ప్లగ్గు బోర్డు స్విచ్‌ని చటుక్కున ఆపి వేయండి. ఒకసారి అర సెకను, ఒకసారి రెండు సెకన్లు, వరసగా రెండు మూడు సార్లు. ప్రతిసారీ రెండు రిలేలూ వదిలిన చప్పుడు వినపడాలి, తిరిగొచ్చాక ముందు సాఫ్ట్ స్టార్ట్ రిలే, కాసేపటికి స్పీకర్ రిలే టక్కుమనాలి.

గోదారొడ్డు (రాజమండ్రి)

అర సెకనుకి సాఫ్ట్ స్టార్ట్ రిలే వదలకపోతే కెపాసిటర్ 220యేనా, టైమర్ డయోడ్ సరైన దిక్కున ఉందా చూడండి. ఇంకొకటి, మొత్తం కలిపాక హమ్ మొదలైతే ఎవరైనా ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేయమంటారు. కోవెల్లో తడి చేతులతో ముట్టుకునే పెట్టె అది, ఎర్త్ తీయనే తీయొద్దు. సిగ్నల్ గ్రౌండుకీ పెట్టె రేకుకీ మధ్య 10 ఓమ్స్ రెసిస్టరు, దానికి అడ్డంగా ఎదురెదురుగా రెండు డయోడ్లు వేయండి, హమ్ పోతుంది.

లంకగాలి (రాజోలు దగ్గర)

అన్నీ చేశాను. బ్యాటరీ పరీక్ష రెండు ఛానెళ్ళూ పాసయ్యాయి. డీసీ ఒకవైపు 8, ఇంకోవైపు 11 మిల్లీ వోల్టులు. అర సెకను పరీక్షలో రెండు రిలేలూ వదులుతున్నాయి. డబ్ పూర్తిగా పోయింది, ఆపినప్పుడు కూడా. నిన్న సాయంత్రం గాలికి కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది, ఎంసీబీ పడలేదు. పూజారి గారు "మధ్యలో ఆగి దానంతట అదే వచ్చిందేంటి బాబూ" అని అడిగారు.

ఒక్కటి మిగిలింది. ఇప్పటిదాకా ఊరికే మెలిపెట్టి ఉంచిన థర్మల్ ఫ్యూజుని ఇప్పుడు సోల్డరింగ్ చేస్తే మీటరులో ఓపెన్ చూపిస్తోంది. కొత్తది తెచ్చాను. దీన్ని ఎలా అతికించాలి?

పాత టంకం (కాకినాడ)

సోల్డరు వేడికే అది తెగిపోతుంది బాబూ, 130 డిగ్రీలకి తెగడానికే కదా దాన్ని చేసింది. క్రింపు స్లీవుతో నొక్కి కలుపు, లేదా పింగాణీ కనెక్టరులో స్క్రూ బిగించు. సోల్డరే చేయాల్సి వస్తే కాలు పొడుగ్గా ఉంచి, ఫ్యూజుకీ సోల్డరు చోటుకీ మధ్య ముక్కు పటకారుతో పట్టుకుని, రెండు సెకన్లలో ముగించు. కాళ్ళు వంచేటప్పుడు కూడా ఫ్యూజు మొదట్లో వంచొద్దు, ఇటు కొంచెం దూరంగా వంచు. బిగించాక మీటరు పెట్టి కంటిన్యుటీ చూసి, అప్పుడు రెసిస్టర్లకి కట్టు.